ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు

గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో మోటారు సైకిలు మీంచి పడి నా భర్త వెన్నుపాము దెబ్బతింది. మూడో వారంలో ఆస్పత్రి వరండాలో మా పెద్దత్తయ్య నా చెవి దగ్గరకొచ్చి అడిగింది: "డాక్టర్లేమన్నారే, పనికొస్తాడా?" ఆమె నడక గురించి అడగడం లేదని ఇద్దరికీ తెలుసు. మగవాడి బతుకంతా 'పని' అనే ఒక్క మాటలో ఇమిడిపోయింది.

డాక్టర్లు మూత్రం గొట్టం గురించి, విరేచనం గురించి, పడకపుళ్ల గురించి నాకు ఓపిగ్గా చెప్పారు. ఈ విషయానికొచ్చేసరికి నన్ను బయటికి పంపి ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడారు. "ఆ ఆశ వదులుకోమన్నారు" అని నాతో చెప్పడానికి ఆయనకి ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ నేను చెయ్యి వేస్తే మొహం తిప్పుకునేవారు. నేనంటే విసుగు పుట్టిందనుకున్నాను.

ఆ మాట సగం కూడా నిజం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అంగస్తంభనకు రెండు దారులున్నాయి. స్పర్శ వల్ల కలిగేది వెన్నుపాము కొసన, ఎస్2 నుంచి ఎస్4 వరకు ఉన్న కేంద్రం దగ్గరే జరిగిపోతుంది. ఊహ వల్ల కలిగేదానికి మెదడు నుంచి కబురు కిందికి దిగాలి. దెబ్బ పైభాగంలో తగిలితే మొదటి దారి చాలామందిలో మిగిలే ఉంటుంది. స్ఖలనం మాత్రం ఎక్కువమందికి కష్టం. పిల్లలు కావాలనుకుంటే దానికీ వైద్య పద్ధతులున్నాయి. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ చాలామందికి పనిచేస్తుంది, గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం వేసుకోకూడదు. టి6, ఆ పైన దెబ్బ తగిలినవాళ్లకు ఆ సమయంలో రక్తపోటు ఒక్కసారిగా పెరగొచ్చు. తలపోటు మొదలైతే ఆపేసి లేచి కూర్చోవాలి. రెండు నిమిషాల్లో తలుపేసి చెప్పినదాంట్లో ఇవేవీ లేవు. పునరుత్పత్తి గురించిన సమాచారం వికలాంగులకు అందేలా చూడాలని 2016 చట్టం ప్రభుత్వానికి చెప్పింది కూడా.

ఇదంతా తెలిశాక కూడా నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. నా కోరిక మాటేమిటి? అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. "మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటోంది, మహా ఇల్లాలు" అని ఊరంతా మెచ్చుకుంటుంటే నోటికి తాళం వేసినట్టుండేది. పడింది నేనైతే ఏడాది తిరక్కుండా ఆయనకి సంబంధాలు చూసేవాళ్లు. నా సుఖం గురించి అప్పుడైనా ఎవరడిగేవారు? పిల్లలు పుడతారా అని అడిగేవారు, అంతే.

కోరిక ఉంటే అది హక్కవుతుందా? 1983లో సినీనటి సరిత కేసులో మన హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి దాంపత్య హక్కుల పునరుద్ధరణ సెక్షన్‌ను కొట్టేశారు. ఒకరి శరీరాన్ని ఇంకొకరికి అప్పగించమనే అధికారం కోర్టుకి ఉండకూడదన్నది అందులోని సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. నేను 1983 తీర్పు వైపే. కాబట్టి ఆయన నాకు బాకీ లేరు. బాకీ లేనంత మాత్రాన అడగడం పాపమా? జాలిపడి అడక్కుండా ఊరుకుంటున్నానంటే, ఆయన ఏమివ్వగలరో ఆయన్ని అడక్కుండా నేనే తేల్చేశానన్నమాట. ఆ డాక్టరు చేసిందీ అదే.

ఒక రాత్రి చెప్పేశాను: "నాకు కావాలనిపిస్తోంది. మీకెలా ఉంది?" ఆయన చాలాసేపు ఏడ్చారు. తర్వాత రొమ్ము కింద స్పర్శ ఎక్కడ ఆగిపోతుందో వేలితో ఇద్దరం వెతికాం. మెడ దగ్గర, చెవి వెనక, ఆ గీతకి పైనంతా, ఇదివరకు ఎన్నడూ లేనంతగా తెలుస్తోందన్నారు. పదేళ్ల కాపురంలో అక్కడ తాకాలని నాకెప్పుడూ తోచలేదు. దీన్ని విజయగాథ చెయ్యను. ఏమీ కుదరని రాత్రులున్నాయి, కోపాలున్నాయి. అయినా ఇప్పుడు ఆయన మొహం తిప్పుకోరు.

మొన్న బందరులో ఫిజియోథెరపీ దగ్గర దివిసీమ నుంచి వచ్చిన ఒకమ్మాయి కలిసింది. కల్లు గీస్తుండగా మోకు జారి ఆమె భర్త తాడిచెట్టు మీంచి పడ్డాడు. "అక్కా, ఒకటి అడగనా?" అని, అటుపక్క మగవాళ్లని చూసి ఆగిపోయింది. వేపచెట్టు కిందికి తీసుకెళ్లాను.

"అతని గురించా, నీ గురించా?" అన్నాను.

కాసేపు తల వంచుకుని, "ముందు నా గురించే" అంది.