చాచిన చేతికి మన జవాబు

జుమా నమాజు ముగుస్తుంది. ఇమాం సలాం చెప్పీ చెప్పగానే మస్జిదు గుమ్మం బయట మరో బారు కనిపిస్తుంది. బురఖాలో ఒక తల్లి, ఆమె ఒడిలో మత్తుగా నిద్రపోతున్న పసివాడు, చక్రాల పలకపై జరుగుతూ వచ్చే వికలాంగుడు, వణుకుతున్న చేతులతో ఒక ముసలాయన. హైదరాబాద్‌లో మక్కా మస్జిదు మొదలుకొని నాంపల్లి దర్గా వరకు ఇదే దృశ్యం. రంజాన్ నెల వచ్చిందంటే ఈ బారు మరింత పెరుగుతుంది.

ఈ బారు ముందు నుంచి నడిచేటప్పుడు మనం రకరకాలుగా ప్రవర్తిస్తాం. కొందరు పీడ వదిలించుకోవడానికి ఒక నాణెం విసురుతారు. కొందరు 'కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, పని చేసుకోలేవూ?' అని కసురుతారు. మరికొందరు ఫోనులో వేలు, లక్షలు పంపుతూనే 'చిల్లర లేదు' అంటూ ముఖం తిప్పుకుంటారు. ఈ మూడింటిలో ఏది మన ధర్మానికి తగిన జవాబు? ఆలోచించవలసిన విషయమిది.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో మన నాలుకకు మొట్టమొదట కళ్లెం వేసింది. యాచించేవాణ్ణి కసురుకోవద్దని అజ్జుహా సూరాలో ఆజ్ఞాపించింది. ఈ ఆజ్ఞ ముందుగా ఎవరికి అందింది? అనాథగా పెరిగి, పేదరికం చవిచూసిన మహనీయ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) గారికి! ఇవ్వగలిగితే ఇవ్వాలి, లేకుంటే మృదువుగా మాట్లాడి పంపాలి. ఇచ్చి మనసు నొప్పించే దానం కన్నా ఒక మంచి మాటే మేలని అల్ బఖరా సూరా బోధిస్తోంది. నాణెం విసిరిన చేతిలో దానం ఉండవచ్చు, గౌరవం మాత్రం లేదు. అడిగినవాడు కోల్పోయేది ఒక రూపాయే, కసిరినవాడు తన పుణ్యాన్నే కోల్పోతాడు.

'వీళ్లంతా మోసగాళ్లండీ, వెనక ముఠాలుంటాయి' అనే మాట తరచూ వింటుంటాం. అలాంటివారు లేరని మేము అనడం లేదు. అయితే ఒక హదీసును గుర్తు చేసుకుందాం. పూర్వం ఒక వ్యక్తి రాత్రివేళ దానం చేయగా, అది తెలియక ఒక దొంగ చేతిలో పడింది. మరో రాత్రి ఒక వ్యభిచారిణికి, ఇంకో రాత్రి ఒక ధనికునికి చేరింది. లోకులు నవ్వుకున్నారు. కాని అతని దానం వృథా కాలేదని, దానివల్ల ఆ దొంగ దొంగతనం మానవచ్చని, ఆ స్త్రీ చెడు నుంచి మరలవచ్చని, ఆ ధనికుడు గుణపాఠం నేర్చుకోవచ్చని అతనికి తెలియజేయబడింది. మన సంకల్పానికి మనం బాధ్యులం, ఎదుటివాని అబద్ధానికి అతనే బాధ్యుడు.

అయితే ఇస్లాం యాచనను ప్రోత్సహించిందా? ముమ్మాటికీ లేదు. ఇచ్చే పై చేయి పుచ్చుకునే కింది చేయి కన్నా మేలైనదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అవసరం లేకున్నా యాచించేవాడు ప్రళయ దినాన ముఖాన మాంసం లేకుండా వస్తాడని హెచ్చరించారు. ఒకసారి ఒక అన్సారీ సహాబీ సహాయం కోరి వచ్చాడు. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) విచారించారు. ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే పాత్ర తప్ప ఏమీ లేవన్నాడు. వాటిని తెప్పించి రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు, రెండో దానితో గొడ్డలి కొనిపించారు. దానికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల వరకు తమకు కనిపించవద్దని చెప్పి పంపారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హములు సంపాదించాడు. ఇది అబూ దావూద్ గ్రంథంలోని ఉదంతం.

ఇక్కడ గమనించండి! ప్రవక్త (స) అతణ్ణి 'పని చేసుకో' అని మందలించి పంపలేదు. పనిముట్టు చేతికిచ్చి పంపారు. మనం మాట దగ్గరే ఆగిపోతున్నాం. ఆ గొడ్డలికి పిడి బిగించేదెవరు?

2011 జనాభా లెక్కల్లో ఏ పనీ లేకుండా భిక్షాటనపై బతికేవారు సుమారు 3.7 లక్షల మంది తేలారు. వారిలో దాదాపు నాలుగో వంతు ముస్లింలు. దేశ జనాభాలో ముస్లింలు 14 శాతమే! జకాత్ విధిగా ఉన్న సముదాయంలో ఇంతమంది చేయి చాస్తున్నారంటే లోపం ఎక్కడుంది? రంజాన్‌లో జకాత్ సొమ్మును పది, ఇరవై రూపాయల నోట్లుగా మార్చి బారుల్లో పంచేస్తున్నాం. దానితో ఒక పూట గడుస్తుందేమో, ఒక బతుకు నిలబడదు. సదఖా ఎవరికైనా ఇవ్వవచ్చు. జకాత్ అలా కాదు. అత్తౌబా సూరా దానికి ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. అర్హులను విచారించి చేర్చడం మన బాధ్యత.

నిజమైన మిస్కీన్ ఒకటి రెండు ముద్దల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు కాదని, అవసరమున్నా నోరు తెరిచి అడగనివాడని ప్రవక్త (స) వివరించారు. అలాంటివారు మన గల్లీలోనే ఉన్నారు. అద్దె కట్టలేని వితంతువు, మంచాన పడిన ఆటో డ్రైవరు, ఫీజు లేక బడి మానిన పిల్ల. వారు మస్జిదు గుమ్మం దగ్గరకు రారు. మనమే వారి గుమ్మం దగ్గరకు వెళ్లాలి.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పసిపిల్లల చేత బిచ్చమెత్తించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. పిల్లవాని చేతిలో డబ్బు పెడితే అది పెద్దల జేబులోకి పోతుంది. కడుపుకు అన్నం పెట్టండి, 1098 నంబరుకు తెలియజేయండి.

2017 నవంబరులో పారిశ్రామికవేత్తల ప్రపంచ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించారు. బిచ్చగాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథుల కళ్లకు పేదలు కనిపించకుండా చేస్తే పేదరికం పోదు. చదువు, ఉపాధి లేకనే జనం వీధిన పడి అడుక్కుంటున్నారని 2021లో సుప్రీంకోర్టు కూడా వ్యాఖ్యానించింది.

హజ్రత్ ఉమర్ (రజి) చూపిన దారి వేరు. యాచిస్తున్న ఒక వృద్ధ యూదుణ్ణి చూసి ఆయన కారణం అడిగారు. ముసలితనం, పేదరికం, జిజియా పన్ను అని అతను చెప్పాడు. ఉమర్ (రజి) అతణ్ణి చేయి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్లి ఉన్నది ఇచ్చారు. ఆపై అతనికీ, అలాంటివారికీ పన్ను రద్దు చేయించి బైతుల్ మాల్ నుంచి సహాయం అందేలా ఆజ్ఞాపించారు. అతని మతం అడ్డు రాలేదు.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా! అడిగినవారికి చిరునవ్వుతో కొంత ఇద్దాం. ఇవ్వలేకపోతే మంచి మాటతో పంపుదాం. ప్రతి మస్జిదు కమిటీ తన మహల్లాలోని పేదల జాబితా తయారుచేసి, జకాత్‌ను ఒకచోట కూడబెట్టి, ఏడాదికి నాలుగు కుటుంబాలకైనా కుట్టు మిషనో, తోపుడు బండో ఇప్పించాలి. ఈ రోజు పుచ్చుకున్న చేయి రేపు ఇచ్చే చేయి కావడమే జకాత్ సాఫల్యం.

మన సంపదలో అడిగేవారికీ, అడగలేని అభాగ్యులకూ హక్కు ఉందని గుర్తించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.