రాయకుండా వదిలిన చోటు

కృతికర్త ఎంత రాయాలి, వాయించేవారికి ఎంత వదలాలి? ఈ ప్రశ్నకు బేతోవెన్ పియానో కన్సర్టోలే ఆరేళ్ల తేడాలో రెండు జవాబులిచ్చాయి. 1803లో వియన్నాలో మూడో కన్సర్టోను ఆయనే వాయించాడు. పక్కన కూర్చుని పేజీలు తిప్పిన సంగీతకారుడు సైఫ్రీడ్‌కు కనబడినవి దాదాపు ఖాళీ కాగితాలే. మరుసటి ఏడాది అదే కన్సర్టోను శిష్యుడు రీస్ వాయించినప్పుడు, ఆర్కెస్ట్రా ఆగి పియానో ఒక్కటే మోగే కాడెంజాను సొంతంగా కూర్చుకోమన్నాడు. ఒక చోట కష్టంగా ఉంది, మార్చుకోమని హెచ్చరించాడు కూడా. రీస్ సభలో తెగించి ఆ కష్టమైన చోటునే వాయించి నెగ్గితే, గురువే గట్టిగా మెచ్చుకున్నాడు. 1809 నాటి ఐదో కన్సర్టోలో మాత్రం, ఇక్కడ కాడెంజా వద్దు, రాసినదే వెంటనే అందుకోమని ఆదేశించాడు. అప్పటికి చెవుడు ముదిరింది. 1811లో లైప్జిగ్‌లో తొలి బహిరంగ ప్రదర్శనలో వాయించింది వేరొకరు. నా ఉద్దేశంలో ఆ చోటును మూసింది రాత కాదు, తనకు తెలియని చేతుల్లోకి కృతి వెళ్లిపోతోందన్న దిగులు.

రాతే కారణమైతే మన దగ్గరా అదే జరగాలి. బేతోవెన్ కాలంలోనే తిరువయ్యారులో ఉన్న త్యాగరాజు కృతుల్ని వాలాజాపేట శిష్యులు రాసిపెట్టారు. అయినా అప్పటికప్పుడు అల్లుకునే ఆలాపన, నెరవలు, కల్పనస్వరం విద్వాంసుడి సొత్తుగానే నిలిచాయి. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చిన షేక్ చినమౌలానా నాదస్వరమే ఇందుకు సాక్ష్యం. పియానో మెట్టు నొక్కితే ఒకే స్థాయి పలుకుతుంది. నాదస్వరంలో రంధ్రాన్ని వేలితో సగం మూసి, ఊపిరి ఒత్తిడి మార్చి స్వరాన్ని జార్చవచ్చు. ఆ ఒడుపు కాగితం మీద దొరకదు, గురువు ఎదుట కూర్చుంటేనే వస్తుంది. అలా నేర్చిన మనిషికి ఖాళీ వదలడానికి భయం అక్కర్లేదు.

స్వేచ్ఛ ఇస్తే ఆర్భాటం పెరిగి కృతి చెడుతుందని అంటారు. నిజమే, ఆ బెడద వియన్నాలోనూ ఉంది, మన కచేరీల్లోనూ ఉంది. కానీ స్వేచ్ఛకు రెండు చోట్లా కట్టుబాటుంది. కాడెంజా చివర సాగే కంపితస్వరం విని ఆర్కెస్ట్రా అందుకుంటుంది. కల్పనస్వరం ఎంత దూరం వెళ్లినా తాళం తప్పకుండా ఎత్తుగడ దగ్గర దిగాలి. ఆర్కెస్ట్రాలో అంతమంది వాద్యకారులతో ఈ స్వేచ్ఛ కుదరదన్న వాదన కూడా నిలవదు. కాడెంజా వేళ వాళ్లు ఎలాగూ మౌనంగానే ఉంటారు.

చినమౌలానాకు 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. అంతకు చాలా ముందే ఆయన శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. మన ఊళ్లలో మిగిలిన నాదస్వర, అంటే సన్నాయి, కళాకారుల్ని పెళ్లిలో గట్టిమేళానికి, నాలుగు సినిమా పాటలకు పరిమితం చేస్తే, వినేవారు లేక ఆ చదువే ఆగిపోతుంది. పత్తి, మిరప మంచి ధర పలికిన ఏడు పెళ్లికి లక్షలు ఖర్చుపెట్టే మన గుంటూరు, ప్రకాశం ఊళ్లవారు ముహూర్తానికి ముందు ఒక అరగంట మైకులు ఆపించి, సన్నాయి విద్వాంసుణ్ణి తనకు నచ్చిన రాగం ఆలాపన చేయమని అడగండి. కూర్చుని వినండి.