యంత్రశ్వాసము - ధర్మసూక్ష్మము

1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టరు గిబ్బన్ చేసిన శస్త్రచికిత్సలో 26 నిమిషములు యంత్రమే రోగికి గుండెయు ఊపిరితిత్తులునై నిలిచెను. దాని సంతతియైన ఎక్మో నేడు వారముల తరబడి ప్రాణము నిలుపగలదు. అది వ్యాధిని మాన్పదు; దేహము కోలుకొనుటకు వ్యవధి నొసగును. 2020లో చెన్నైలో గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారికి దీనినే అమర్చిరి; అయినను సెప్టెంబరు 25న వారు దివంగతులైరి. ఆ యత్నము వ్యర్థము కాదు. ఆశ యున్నంతవరకు వైద్యుని శ్రమ కాయకమే.

ఆశ యుడిగిన పిమ్మటనో? మన హనుమకొండలో నైనను, మహానగరమున నైనను "ఆపుదుమా?" అను ప్రశ్న ఆసుపత్రి వాకిట నిలిచిన కుమారునిపై బడును. ఔనన్న పాపభీతి, కాదన్న తండ్రికి యాతన. అట్టి చికిత్స వలదని ముందుగా వ్రాసియుంచు హక్కును 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అంగీకరించెను. దేహమును దేవాలయముగ నెంచు శరణులారా! మాట యుండగనే మన ఇచ్ఛను బిడ్డలకు దెలుపుదము. అదియు దాసోహమే.