మట్టి, మూర్తి

గోదావరి ఒండ్రుమట్టికి తనదంటూ ఒక ఆకారం లేదు. త్ర్యంబకం దగ్గర పుట్టిన నది దారి పొడవునా నేలను ఒరుసుకుంటూ తెచ్చి, ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలి పరిచిన మట్టి అది. అదే కోనసీమలో కొబ్బరితోటకు నేల, కుమ్మరి సారె మీద కుండ, చవితినాడు పీట మీద గణపతి.

ఏ వస్తువులోనైనా ద్రవ్యం, రూపం రెండూ ఉంటాయని క్రీ.పూ. 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పాడు. కంచు ముద్ద విగ్రహమయ్యేది రూపం వల్లనే కనుక ఆయన పెద్దపీట రూపానికి వేశాడు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు రెండో వైపు చూపించాడు. మట్టిని తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే, ఆకారాలు పేరుకే, మట్టే సత్యం అన్నాడు.

చవితి పూజలో ఈ రెండూ కలుస్తాయి. ప్రాణప్రతిష్ఠ అయ్యాక ఆ మట్టే స్వామి. పాలవెల్లి కింద కూర్చోబెట్టి, 21 రకాల పత్రితో పూజించి, ఉండ్రాళ్ళు నివేదిస్తాం. ఆ వేళ రూపానికి ఏ లోటూ రానివ్వం. ఉద్వాసన చెప్పి, మూర్తిని కాస్త కదిపి, ఆనక నీళ్లలో కలిపేస్తాం. ద్రవ్యం తన చోటికి తాను చేరింది కనుక దుఃఖం ఉండదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహంతో ఈ క్రమం తెగిపోతుంది. ఆకారం ముచ్చటగానే ఉంటుంది, ద్రవ్యమే నీటిలో తేలిగ్గా కరగదు. నిన్న హారతి అందుకున్న స్వామి నేడు రేవులో తొండం విరిగి, రంగు వెలిసి పడి ఉంటాడు. ఇలాంటి విగ్రహాలు వద్దని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. నిబంధన సరే, దేవుణ్ణి దేనితో చేస్తున్నామన్నది భక్తుడికి ధర్మం కూడా.

మన భక్తికీ ఇదే వర్తిస్తుంది. వ్రతం, అర్చన, తీర్థయాత్ర దానికి రూపాలు. మనసు, నడవడిక ద్రవ్యం. సహస్రనామం అక్షరం పొల్లుపోకుండా చదివి, మధ్యాహ్నానికి పక్కవాడి చేనుగట్టు జరిపితే ఆ పూజలో ఆకారమే మిగులుతుంది. మనసు మంచిదైతే చాలు, పూజెందుకు అనడమూ సరికాదు. ఒడ్డున ఎంత మట్టి ఉన్నా, ఒకరు కూర్చుని మలిస్తేనే అది గణపతి అవుతుంది.

ఈసారి చవితికి మట్టి గణపతినే తెచ్చుకుందాం. పీట వేసే ముందు, ఎవరికైనా బాకీ ఉంటే తీర్చి, మాట పట్టింపులుంటే మనమే ముందు పలకరించి, అప్పుడు పూజకు కూర్చుందాం.