అమ్మకి ఇచ్చిన పాత ఫోన్, నచికేతుడు అడిగిన ప్రశ్న

కఠోపనిషత్తు మీద వీడియో చూసినవాళ్లలో ఒక అబ్బాయి నన్ను అడిగిన మాటతో మొదలుపెడతాను. ఆ అబ్బాయిది భూపాలపల్లి వైపు ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. "కొత్త ఫోన్ కొనుక్కుని పాతది అమ్మకి ఇచ్చానండీ. పొద్దున నూటికి నూరు చార్జింగ్ ఉందంటుంది, మధ్యాహ్నానికల్లా స్విచాఫ్. ఎన్నిసార్లు చెప్పినా అమ్మకి ఫోన్ వాడటం రావట్లేదు" అన్నాడు.

తప్పు అమ్మ వాడకంలో ఉందా, మనం ఇచ్చిన వస్తువులో ఉందా? ఈ ప్రశ్న ఉపనిషత్తులో ఉంది. అది చెప్పుకునే ముందు ఫోన్ సంగతి చూద్దాం. అక్కడ అర్థమైతే ఇక్కడా అర్థమవుతుంది.

స్క్రీన్ మీద కనిపించే వంద వేరు, బ్యాటరీ ఆరోగ్యం వేరు. వంద అంటే "ఇప్పుడు పట్టగలిగినంతా నిండింది" అని మాత్రమే. అసలు ఎంత పడుతోందో అది చెప్పదు. ఇంట్లో ఇత్తడి బిందె అడుగున ఏళ్ల తరబడి సున్నం పేరుకుందనుకోండి. అంచు దాకా నీళ్లు పోస్తే నిండుగానే కనిపిస్తుంది, పట్టే నీళ్లు మాత్రం తగ్గిపోతాయి. లిథియం అయాన్ బ్యాటరీలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. చార్జ్ ఎక్కి దిగిన కొద్దీ లోపల ఒక పొర మందమవుతూ వస్తుంది, కొంత లిథియం అందులో చిక్కుకుపోయి మళ్లీ పనికి రాదు. కొత్తగా ఉన్నప్పుడు 5000 ఎంఏహెచ్ పట్టిన బ్యాటరీ ఇప్పుడు 3900 పడితే దాని ఆరోగ్యం 78 శాతం. స్క్రీన్ మాత్రం రోజూ పొద్దున వందే చూపిస్తుంది.

దీన్ని చూడటం కష్టమేమీ కాదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, అందులో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్. 'మాగ్జిమమ్ కెపాసిటీ' అని శాతం కనిపిస్తుంది. ఐఫోన్ 14, అంతకు ముందువాటికి 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం నిలిచేలా, 15 నుంచి 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలిచేలా చేశామని ఆపిల్ చెబుతోంది. సైకిల్ అంటే ఒకసారి చార్జర్ పెట్టడం కాదు. ఇవాళ 60, రేపు 40 వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. శాంసంగ్‌లో 'శాంసంగ్ మెంబర్స్' యాప్ తెరిచి డయాగ్నొస్టిక్స్‌లో బ్యాటరీ పరీక్ష పెడితే బాగుందో బలహీనపడిందో మాటల్లో చెబుతుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు సెట్టింగ్స్‌లో 'బ్యాటరీ హెల్త్' ఉందేమో చూడండి. *#*#4636#*#* నొక్కితే కొన్ని ఫోన్లలో ఒక పేజీ తెరుచుకుంటుంది కానీ అక్కడ సాధారణంగా ఇప్పటి చార్జ్, వేడి లాంటివే ఉంటాయి, అసలు కెపాసిటీ ఉండదు.

ఏదీ కనపడకపోతే 'అక్యూబ్యాటరీ' లాంటి యాప్ వేసి నాలుగైదు సార్లు చార్జింగ్ అయ్యేదాకా ఆగండి. లెక్క సులువు. 20 నుంచి 80 దాకా ఎక్కించేసరికి 2340 ఎంఏహెచ్ లోపలికి వెళ్లిందంటే, 60 శాతానికి 2340. అంటే వందకి 3900. దాన్ని కంపెనీ చెప్పిన 5000తో పోల్చుకోండి. ఇది అంచనాయే, అయినా నిజానికి దగ్గరగా ఉంటుంది.

80 కంటే బాగా కిందికి వస్తే బ్యాటరీ మార్పించాల్సిన వేళ వచ్చినట్టు. ఎందుకంటే అప్పుడు రోజు గడవకపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ముసలి బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు. తెర మీద 20, 30 శాతం చూపిస్తూనే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆ ఆగిపోవడం అర్ధరాత్రి బాపుకి ఛాతీలో నొప్పి వచ్చి అమ్మ 108కి చేస్తున్నప్పుడు అయితే? ఇక వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే శాతాలు చూసుకుంటూ కూర్చోకండి. చార్జింగ్ ఆపేసి, గుచ్చకుండా నొక్కకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

భూపాలపల్లి జిల్లాలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు, మొత్తం 1100 మెగావాట్లు. పక్కనే సింగరేణి బొగ్గు. అక్కడ పుట్టిన కరెంటు ఎంతెంతో దూరం వెళుతుంది. అదే జిల్లాలో ఒక అమ్మ చేతిలో ఫోన్ మధ్యాహ్నానికి ఆరిపోతోంది. కరెంటు లేక కాదు, పట్టే చోటు లేక.

ఇప్పుడు ఉపనిషత్తులోకి వద్దాం.

వాజశ్రవసుడు యాగం చేశాడు. ఉన్నదంతా దానం చేయాల్సిన యాగం అది. ఆవులను తోలుకొచ్చి దానం ఇస్తున్నాడు. కొడుకు నచికేతుడు చిన్నపిల్లవాడు, పక్కన నిలబడి ఆ ఆవులను చూశాడు. తాగాల్సిన నీళ్లు తాగేశాయి, మేయాల్సిన గడ్డి మేసేశాయి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేశాయి. ఇక ఈనే శక్తి లేదు. లెక్కకి అన్నీ ఆవులే. దానం పుచ్చుకున్నవాడికి మాత్రం మేపే భారం తప్ప చుక్క పాలు రావు. ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకి పోతాడే అని ఆ పిల్లవాడి గుండె కొట్టుకుంది.

నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడ ఒక క్షణం ఆగుతాను. ఆ తండ్రి దొంగ కాదు, నాస్తికుడు కాదు. యాగం చేస్తున్న పెద్దమనిషి. లెక్క తప్పలేదు. ఇచ్చే ముందు ఆవు వైపు సరిగ్గా చూడలేదు, అంతే. ఎన్ని ఆవులో చూశాడు, ఆవులో ఎంత మిగిలిందో చూడలేదు.

మనం అమ్మకి పాత ఫోన్ ఇవ్వడం తప్పని నేను అనను. బాగున్న వస్తువు నలుగురి చేతుల్లో తిరగడం మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉన్నదే. అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నాడు, అక్క పుస్తకాలు చెల్లి చదివింది. కానీ మన చేతిలో రోజుకి మూడుసార్లు చార్జింగ్ అడిగి విసిగించిన ఫోన్‌ని "ఇంట్లోనే ఉంటుంది కదా, అమ్మకి సరిపోతుందిలే" అని ఇస్తే, అది నీళ్లు తాగేసిన ఆవు. పైగా ఆగిపోయినప్పుడల్లా "నీకు వాడటం రాదు" అని అమ్మనే అంటున్నాం. పాలివ్వని ఆవునిచ్చి, పితకడం రాదని తిట్టినట్టు లేదూ?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు జిల్లాల పిల్లలు ఎంతోమంది హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఇంకా దూరాన ఉన్నారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకి ఆ ఫోనే కొడుకు, ఆ ఫోనే కూతురు. బ్యాంకు ఓటీపీ అందులోనే, మనవరాలి ముఖం అందులోనే. ఈ మూడు జిల్లాల్లోనూ ఇవ్వడం గురించి చెప్పే క్షేత్రాలున్నాయి.

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర. పోతనగారి ఊరిగా మనం చెప్పుకునే ఊరు. రాజుకి అంకితమిస్తే సిరులు వస్తాయని తెలిసినా, భాగవతాన్ని రాముడికే ఇచ్చాడని తరతరాలుగా వింటున్నాం. ఆయన ఇచ్చింది మిగిలినది కాదు, తన దగ్గరున్న వాటిలో మేలైనది.

మహబూబాబాద్ జిల్లాలో కురవి వీరభద్రస్వామి. వీరభద్రుడు ఎందుకు పుట్టాడు? దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి. ఆ యజ్ఞంలో హోమద్రవ్యాలకి లోటు లేదు, వచ్చిన దేవతలకి లోటు లేదు. కన్నకూతురికి ఇవ్వాల్సిన గౌరవం లేదు. ఆ ఒక్క లోటుకి యజ్ఞమంతా కూలింది.

భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు, అంతర్వాహినిగా సరస్వతి ఉందని నమ్మే చోటు. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు జరిగింది అక్కడే. ఆ గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకరు కాళేశ్వరుడు, అంటే యముడు. ఇంకొకరు ముక్తేశ్వరుడు, శివుడు. ముందు కాళేశ్వరుడికి పూజ చేసి, ఆ తర్వాతే ముక్తేశ్వరుడిని కొలవాలన్నది అక్కడి ఆచారం. నాకు ఆ వరుసలో ఒక పాఠం కనిపిస్తుంది. ముందు కాలం ఏం చేసిందో ఒప్పుకో, విడుదల తర్వాత అడుగు. బ్యాటరీ వాడినా తరుగుతుంది, వాడకుండా పెట్టినా కాలానికి తరుగుతుంది. మనుషులమూ అంతే. 78ని 78గా చూసినవాడే దానికి ఏదైనా చేయగలడు. వంద చూసి మురిసేవాడు ఏమీ చేయలేడు.

నచికేతుడు వెళ్లింది కూడా ఆ యముడి దగ్గరికే. "నన్ను ఎవరికి ఇస్తావు" అని తండ్రిని మూడుసార్లు అడిగితే, ఆయన విసుగొచ్చి "నిన్ను మృత్యువుకి ఇస్తాను" అన్నాడు. పిల్లవాడు వెళ్లి యముడి గుమ్మంలో మూడు రాత్రులు తిండి లేకుండా ఉన్నాడు. యముడు వచ్చి బాధపడి మూడు వరాలిచ్చాడు. మూడో వరంలో అడిగిన ఆత్మజ్ఞానం గురించే అందరం మాట్లాడతాం. మొదటి వరం ఏమిటో గుర్తుందా? "మా నాన్న కోపం పోవాలి, మనసు కుదుటపడాలి, నేను తిరిగి వెళ్తే నన్ను గుర్తుపట్టి పలకరించాలి." యముడు సరేనన్నాడు, మీ నాన్న రాత్రిళ్లు హాయిగా నిద్రపోతాడన్నాడు. బ్రహ్మజ్ఞానం కంటే ముందు ఆ పిల్లవాడు అడిగింది తండ్రికి కంటినిండా నిద్ర. తండ్రి తప్పు చూసినవాడే తండ్రి శాంతి కోరాడు. దానినే నేను శ్రద్ధ అంటాను.

ఇక మనం చేయాల్సింది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, అమ్మ కాఫీ పెడుతుండగా ఆమె ఫోన్ తీసుకుని బ్యాటరీ ఆరోగ్యం చూడండి. అంకె బాగా తగ్గి ఉంటే నమ్మకమైన చోట బ్యాటరీ మార్పించండి, కొత్త ఫోన్ ధరలో అది చిన్న వంతే. 35 డిగ్రీలు దాటిన వేడి కెపాసిటీని శాశ్వతంగా తగ్గించవచ్చని ఆపిల్ హెచ్చరిస్తుంది. మన వైపు ఎండాకాలంలో 40 దాటడం మామూలే కాబట్టి ఎండ పడే కిటికీలో, ట్రాక్టర్ మీద, దిండు కింద ఫోన్ పెట్టొద్దని చెప్పండి. వీలైనంత వరకు 20కీ 80కీ మధ్య ఉంచుకోమనండి. విసుక్కోకుండా చెప్పండి.

ఇంకొక్క మాట. ఫోన్ ఒక్కటే కాదు, మనమూ ఉన్నాం. రోజంతా ఆఫీసుకి, రీల్స్‌కి, స్నేహితులకి ఇచ్చేసి, రాత్రి పదకొండింటికి మిగిలిన ఆ ఐదు శాతంతో అమ్మకి ఫోన్ చేస్తాం. "ఊ, ఆ, తిన్నా, ఉంటా." దేవుడి ముందు కూర్చునేదీ ఆ ఐదు శాతంతోనే. ఎన్ని నిమిషాలు మాట్లాడామో లెక్క సరిపోతుంది. ఆ నిమిషాల్లో మనం ఎంత మిగిలి ఉన్నాం? వారంలో ఒక్క రోజైనా పొద్దున, నిండుగా ఉన్నప్పుడు చేసి చూడండి. ఇంకా ఎవరికీ ఇవ్వని గంటలోంచి పది నిమిషాలు తీసి ఇవ్వండి. గొంతు వినగానే అమ్మకి తెలిసిపోతుంది.

కాళేశ్వర ముక్తేశ్వరుల అనుగ్రహం మీ ఇంటిల్లిపాదికీ ఉండాలి. మీ అమ్మానాన్నలు రాత్రి హాయిగా నిద్రపోవాలి.

ఓం నమః శివాయ.