భార్య వ్రాసిన చరిత్ర

శామీరుపేట చెఱువుగట్టుపై నిలిచినవారికి నీటి విస్తారము కనబడును. లోతు దిగినవారికే తెలియును. ప్రసిద్ధపురుషుల చరిత్రములను వారి భార్యలు వ్రాసినపుడు మాకీ చెఱువే జ్ఞప్తికి వచ్చుచున్నది.

నందమూరి తారకరామారావుగారి జీవితమును వ్రాయగోరి వారి పరిచయము సంపాదించిన లక్ష్మీపార్వతిగారు 1993లో వారిని వివాహమాడిరి. చరిత్రకారిణి భార్య యగుట అరుదు. 1995 ఆగష్టులో పార్టీ చీలినది. రామారావుగారు ముఖ్యమంత్రి పదవిని గోల్పోయిరి. 1996 జనవరి 18వ తేదీన కాలధర్మము నొందిరి. ఆ కడపటి నెలలలో వారి నిద్రాహారములను, మనోవ్యథను ఆమెకంటె దగ్గఱనుండి చూచినవా రెవరు? ఆ విషయమున ఆమె మాట మాకు ప్రమాణమే. కాని చీలికకు ఆమె జోక్యమే కారణమని ఎదుటిపక్షము చెప్పెను గనుక, ఆ సంగతిలో ఆమె సాక్షి మాత్రమే కాదు, ప్రతివాది కూడ. అది వాఙ్మూలము, తీర్పు కాదు.

అయితే పదవి నందుకొన్న అల్లుడు చంద్రబాబునాయుడుగారి పక్షము మాత్రము తటస్థమా? అల్లుని మాట చరిత్రమనియు, భార్య మాట పక్షపాతమనియు ననుకొనుట మనలో పాతుకొనిన దురభ్యాసము. ఇరువురును కక్షిదారులే.

భార్య వ్రాసిన గ్రంథమున మేము మొదట వెదకునది భర్త గౌరవమునకు భంగకరమగు పుట. మహాదేవ గోవింద రనడేగారు వితంతువివాహమును సమర్థించినవారు. అయినను 1873లో భార్య గతింపగా, తండ్రి నిర్బంధమునకు లోబడి పదునొకండేండ్ల బాలికను పెండ్లాడిరి. ఆ బాలికయే రమాబాయిగారు. 1910లో మరాఠీభాషలో భర్తను గూర్చిన స్మృతులను ప్రకటించినపుడు, ఎంత పతిభక్తి గలవారైనను, ఆ పెండ్లి కథను ఆమె దాచలేదు.