అరుణాచలం అడవి దారి: మనసు నిలవని వాళ్లకు ఒక సాధన

 

"ధ్యానానికి కూర్చుంటే పది నిమిషాలు కూడా మనసు నిలవడం లేదండీ, ఏం చేయాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్న యువతే. పొద్దంతా ట్రాఫిక్, మీటింగులు, చేతిలో ఫోను. రాత్రి కళ్లు మూసుకుంటే శివుడికి బదులు ఆఫీసు కనిపిస్తుంది. ఈ ప్రశ్నకు ఈరోజు ఒక కొండ దారిని చూపించి జవాబు చెబుతాను.

తిరువణ్ణామలైలో రమణాశ్రమం వెనుక నుంచి స్కందాశ్రమానికి ఒక కాలిబాట ఉంది. మనం గిరిప్రదక్షిణ చేసే 14 కిలోమీటర్ల రోడ్డు వేరు, ఇది వేరు. రాళ్లు పరిచిన ఈ బాట చెట్ల మధ్య నుంచి కొండ ఎక్కుతుంది. అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ నడవాలి కాబట్టి మాట దానంతట అదే తగ్గిపోతుంది. మౌనం ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ దారే నేర్పుతుంది.

స్కందాశ్రమం అనగానే సుబ్రహ్మణ్యస్వామి పేరు పెట్టారేమో అనుకుంటాం. నిజానికి అది కందస్వామి అనే భక్తుడి పేరు మీద వచ్చింది. రమణ మహర్షి విరూపాక్ష గుహలో ఉంటున్న రోజుల్లో, స్వామికి ఇంకాస్త వసతిగా ఒక చోటు ఉండాలని ఆయన తపించారు. కొండ వాలులో ముళ్లపొదలు కొట్టి, రాళ్లు తీసి, నేల చదును చేసి, చెట్లు నాటారు. 1916 నుంచి 1922 దాకా మహర్షి అక్కడే ఉన్నారు. వారి తల్లి అళగమ్మగారు దేహం విడిచిందీ అక్కడే. ఈరోజు మనం అక్కడ కూర్చుని అనుభవించే నిశ్శబ్దం వెనుక, పలుగూ పారా పట్టిన ఒక మనిషి చేతులున్నాయి.

ఇక ఆ దారికి నీడనిచ్చే చెట్లు. అవి అనాదిగా ఉన్నాయనుకుంటే పొరపాటే. 1980ల నాటికి ఆ కొండ చాలావరకు బోడిగా ఉండేది. వంటచెరకు కోసం నరికారు, మేకలు మేశాయి, ఎండాకాలం మంటలు మిగిలింది తినేశాయి. ఆ దశాబ్దం చివర్లో కొందరు భక్తులు, ఊరివాళ్లు కలిసి మళ్లీ మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇంకొందరు అందుకున్నారు.

కొండ మీద మొక్క నాటడమంటే మన అపార్ట్‌మెంట్‌లో నాటినట్టు కాదు. వానలకు ముందే రాతినేలలో గుంతలు తవ్వి ఉంచాలి. బండి వెళ్లదు, మొక్కల్ని మోసుకునే ఎక్కాలి. వేసవిలో ఎండుగడ్డిని ఒక పట్టీలా కోసి, మంట ఇటునుంచి అటు దూకకుండా ఖాళీ జాగా ఉంచాలి. అయినా మంట వస్తే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాలి. ఒక్కోసారి ఏళ్ల శ్రమ ఒక్క పూటలో బూడిదవుతుంది. మళ్లీ వానాకాలం వస్తుంది, మళ్లీ గుంత తవ్వుతారు.

అరుణాచలం అగ్నిలింగ క్షేత్రం కదా, మంట కూడా శివస్వరూపమే కదా అనకండి. కార్తీక దీపం నాడు శిఖరం మీద వెలిగేది పూజ. ఎవరో గడ్డిలో పారేసిన అగ్గిపుల్ల వల్ల అంటుకున్నది మన నిర్లక్ష్యం.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే వరస చూడండి. మనసు నాలో నిలుపు. కుదరకపోతే అభ్యాసం చెయ్యి. అదీ కుదరకపోతే నా కోసం పని చెయ్యి. అదీ చేతకాకపోతే ఫలితం మీద ఆశ వదిలి పని చెయ్యి. మనసు నిలవనివాడిని స్వామి తోసేయలేదు. వాడి చేతికి పని ఇచ్చాడు! వెంటనే వచ్చే 12వ శ్లోకంలో ధ్యానం కంటే కర్మఫల త్యాగం మేలని, దాని వెంటే శాంతి వస్తుందని అంటాడు. ఇది ధ్యానాన్ని తక్కువ చేయడం కాదు. ఫలితం మీద పట్టు వదలకుండా కూర్చుంటే, ధ్యానంలో కూడా "నాకేం వచ్చింది" అనే లెక్కే నడుస్తుంది. మనసు నిలవకపోవడానికి పెద్ద కారణం ఆ లెక్కే.

కొండ మీద మొక్క నాటినవాడు దాని నీడలో తాను కూర్చుంటానని నాటడు. ఆ నీడలో నడిచేది మీరూ నేనూ. మన పేరు అతనికి తెలియదు, అతని పేరు మనకు తెలియదు. ఫలత్యాగం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ చెట్టునే చూపిస్తాను.

అయితే మొక్క నాటిన ప్రతివాడూ త్యాగి అయిపోడు. నాటగానే రీల్ పెట్టి లైకులు లెక్కపెట్టుకుంటే, ఆ ఫలం అప్పుడే తినేశామన్నమాట. అసలు పరీక్ష వేరే ఉంది. నేను నీళ్లు పోసిన మొక్క ఎండిపోతే నా మనసు ఏమవుతుంది? విసుక్కుని వదిలేస్తానా, మళ్లీ తవ్వుతానా? ఆ క్షణంలో మన సాధన ఎంతవరకు వచ్చిందో మనకే తెలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, బెంగళూరు నుంచి పౌర్ణమికి అరుణాచలం వెళ్లేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఈసారి మీ నీళ్ల సీసాతో పాటు, దారిలో కనిపించిన ఇంకో రెండు ఖాళీ సీసాలు కూడా ఏరి తీసుకురండి. కొండ మీద అటవీశాఖ అనుమతించిన దారిలోనే నడవండి, ఎక్కడా నిప్పు వెలిగించకండి. వెళ్లలేనివాళ్లు మీ వీధిలోనో, గుడి దగ్గరో ఒక మొక్కను ఎంచుకుని ఒక మండలం పాటు నీళ్లు పోయండి. మండల దీక్ష అంటే మనకు తెలిసిందే కదా. ఫొటో వద్దు, ఎవరికీ చెప్పొద్దు. నీళ్లు పోసేటప్పుడు మనసులో నామం చాలు. అరుణాచలాన్ని తలచుకుంటేనే ముక్తి అని పెద్దలు చెప్పారు. చేతిలో చెంబు ఉన్నా తలచుకోవచ్చు.

దీక్ష పూర్తయ్యాక మళ్లీ ఒకసారి ధ్యానానికి కూర్చోండి.

అరుణాచల శివ, అరుణాచల శివ, అరుణాచల!